చచ్చిపోయిందనుకున్న మాట

"మాట చెప్పిండంట మేడం. అందుకే పంపిన," అన్నది ఫోన్లో మా పాప స్కూల్ ఆయమ్మ.

ఆ ముక్క విన్నప్పటి నుంచి అది నన్ను వదలడం లేదు. అన్నం కలుపుతుంటే గుర్తొస్తుంది. పాపకు జడ వేస్తుంటే గుర్తొస్తుంది, చేతిలో పాయ జారిపోతుంది. ఇంట్లో అందరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. పాప ఇప్పుడు లోపల క్షేమంగా నిద్రపోతున్నది. అది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇట్లాంటివి చదివేటప్పుడు నేనైతే చివరి పేజీ ముందు తిప్పి చూసుకునే రకం.

ఆ మాట "బేఫికర్". దిగులేమీ లేదని.

మా తాత డోర్నకల్‌లో రైల్వే పాయింట్స్‌మన్. బండి ఏ లైను మీదికి పోవాలో ఆ పట్టాలు మార్చే పని. చిన్నప్పుడు కొన్నేళ్ళు నేను అక్కడే, రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. ఎట్లున్నవని ఎవరడిగినా తాత బాగున్న అనడు, బేఫికర్ అంటాడు. అమ్మమ్మ ఇంట్లో పప్పు అయిపోయిందన్నా బేఫికరే, పై ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడన్నా బేఫికరే. అమ్మమ్మ ఒళ్ళు మండి, "నీ బేఫికర్ పొయ్యి మీద పెడితే ఉడుకుతదా?" అనేది.

మా బడి పట్టాలకు అవతల ఉండేది. తాత నన్ను చెయ్యి పట్టుకుని దాటించేవాడు. అటు చూసి, ఇటు చూసి, కాసేపు చెవి పెట్టి విని, అప్పుడు బేఫికర్ అనేవాడు. ఆ మాట వినబడేదాకా నేను కాలు కదిపేదాన్ని కాదు. వినబడ్డాక మళ్ళీ అటూ ఇటూ చూసేదాన్నీ కాదు.

మా క్వార్టర్స్ లైన్లో తమిళం వాళ్ళున్నారు, విజయవాడ వైపు వాళ్ళున్నారు, మరాఠీ మాట్లాడే ఒక గార్డు కుటుంబం ఉంది. ఫికర్ అనే మాట బజార్లో చాలామంది నోట విన్నాను గానీ, పలకరింపుకూ జవాబుకూ పట్టాలు దాటడానికీ ఒకే మాట వాడే మనిషి ఆ లైన్లో మా తాత ఒక్కడే. అది ఆయన సొంత మాట అనుకున్నాను. ఆయనతోనే పోయిందనుకున్నాను.

అట్లా అనుకోవడానికి నా దగ్గర ఇంకో కారణం కూడా ఉంది. మాటలు ఎంత తొందరగా చచ్చిపోతాయో నాకు తెలుసు. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ఏది నచ్చినా "కేక". కొత్త డ్రెస్సు కేక, బిర్యానీ కేక, లెక్కల సార్ సెలవు పెడితే అది మహా కేక. ఆ తర్వాత "కత్తి" వచ్చింది. డిగ్రీ హాస్టల్‌కు వచ్చేసరికి కేక అన్నందుకు రూమ్మేట్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. అక్కడ "కిరాక్" నడుస్తున్నది. మొన్న ఒక పెళ్ళిలో మా చిన్నమ్మ కూతురితో, ఆమె చీర బాగుందని పాత అలవాటుకొద్దీ కేక అంటే, "అక్కా, నువ్వు ఇగ ఆంటీవే," అన్నది. యూకేజీ చదివే నా కూతురు నన్ను "బ్రో" అంటున్నది. నా సొంత మాటలే పదేళ్ళు నిలవలేదు, ముసలాయన మాట ఎవరికి గుర్తుంటుంది?

స్కూల్ తల్లుల వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఎవరో ఆడమనిషి ఏడుస్తూ చెప్తున్నది. బడి గేటు దగ్గర ఎవరో వచ్చి, మీ అమ్మ పంపిందని చెప్పి, పిల్లను తీసుకుపోయారట. ఏ ఊరో లేదు, ఎప్పుడో లేదు. మా ఆయన విని, ఇది ఎన్నో ఏండ్ల నుంచి తిరుగుతున్న మెసేజ్ అని, తను కాలేజీలో ఉన్నప్పుడే విన్నానని కొట్టిపారేశాడు. ఆయనకు వరంగల్ స్టేషన్ రోడ్డులో స్టీలు సామాన్ల దుకాణం. వచ్చిన ప్రతి మనిషినీ నమ్మి కూర్చోబెట్టి టీ తెప్పించడం ఆయన వృత్తి. నేను ఆ మెసేజ్‌ను మళ్ళీ మళ్ళీ విన్నాను.

అప్పుడు పెట్టాను ఈ రహస్య మాట పద్ధతి. స్కూల్ నుంచి తీసుకుపోవడానికి నేను కాక ఎవరొచ్చినా సరే, మన మాట చెప్తేనే పోవాలి. చాక్లెట్ ఇస్తా అన్నా, అమ్మకు దెబ్బ తగిలిందన్నా, మాట చెప్పకపోతే కదలొద్దు. ఏ మాట పెట్టాలని ఎక్కువసేపు ఆలోచించలేదు. నోట్లో ముందుగా వచ్చింది తాత మాట. ఎవరికీ తెలియని మాట, పాపకు పలకడానికి వీలైన మాట, భయం వేసినప్పుడు గుర్తొచ్చే మాట. నాకు చాలా తెలివైన పని చేసినట్టనిపించింది.

పాపకు అది ఆటైపోయింది. సాయంత్రం ఆయన దుకాణం నుంచి రాగానే రెయిన్‌కోటు, హెల్మెట్టు తీయకుండా తలుపు బయట నిలబడి, "మీ అమ్మ పంపింది, దా," అనేవాడు.

"మాట చెప్పు," అనేది పాప.

ఐస్‌క్రీం అనేవాడు. తప్పు. గులాబ్‌జామ్. తప్పు. వేయిస్తంభాల గుడి. తప్పు. తెలిసి కూడా కావాలని ఏవేవో చెప్పేవాడు, పాప గడప మీద రెండు చేతులూ చాపి అడ్డం నిలబడేది. "ఇది ఇల్లా, మిలిటరీ క్యాంపా? నా ఇంట్లకు నన్నే రానిస్తలేరు," అని నన్ను చూసి వేళాకోళం చేసేవాడు. నేను మాత్రం నవ్వకుండా, పాప ఎక్కడైనా తడబడుతుందేమోనని చూస్తుండేదాన్ని. స్కూల్‌కు పోయి ఆయమ్మకు కూడా చెప్పి వచ్చాను, మా పాప మాట చెప్పనివాళ్ళతో పోదు, మీరూ పంపొద్దని. ఆయమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది. మాట ఏమిటో ఆమెకూ చెప్పలేదు.

మా అత్తమ్మకూ చెప్పలేదు.

దానికి కారణం రాయడం కొంచెం ఇబ్బందే. అత్తమ్మ మంచి మనిషి. కానీ సాయంత్రం దుకాణంలో స్టూలు వేసుకుని కూర్చుంటే, బిందె కొనడానికి వచ్చినామె తన కోడలి ఆపరేషన్ దాకా చెప్పి, మా ఇంటి ముచ్చట్లు కూడా అన్నీ విని పోతుంది. అత్తమ్మకు చెప్తే స్టేషన్ రోడ్డు మొత్తానికి మైకులో చెప్పినట్టే అనుకున్నాను.

ఒకరోజు నాకు జ్వరమొచ్చి లేవలేకపోతే అత్తమ్మ తనే ఆటో మాట్లాడుకుని స్కూల్‌కు పోయింది. ఆ తర్వాత జరిగింది నాకు ఆయమ్మ చెప్పింది, వేరే తల్లులు చెప్పారు, అత్తమ్మ మాత్రం చాలారోజుల దాకా చెప్పలేదు. గేటు దగ్గర పాప చేతులు కట్టుకుని, "మాట చెప్పు నానమ్మా," అన్నదట.

"ఏం మాటనే? మీ నాయనను కన్నదాన్ని నేను. గంతకంటే ఏం మాట గావాలె?"

"తప్పు," అన్నదట పాప.

గేటు దగ్గర ఉన్నవాళ్ళందరూ నవ్వారు. అత్తమ్మ బతిమాలింది, బెదిరించింది, కొంగున కట్టుకున్న చాక్లెట్ చూపించింది. చాక్లెట్ చూపించేసరికి పాప ఇంకా గట్టిగా గేటు పట్టుకున్నది, చాక్లెట్ ఇస్తానన్నవాళ్ళతో అసలే పోవద్దని నేను చెప్పాను కాబట్టి. చివరికి జ్వరంతో నేనే పోయాను. అత్తమ్మ ఆటోలో ఆ చివర కూర్చుని, ఇల్లొచ్చేదాకా బయటికే చూసింది. రెండు మూడు రోజులకు కూర తరుగుతూ, తల ఎత్తకుండా, "నాకు చెప్తే గా మాట అరిగిపోతదా?" అన్నది. నేను విననట్టే ఉన్నాను. లోపల మాత్రం నాకు ఎంత నిమ్మళంగా ఉందో. సొంత నానమ్మతోనే పోని పిల్ల ఇంకెవరితో పోతుంది?

మొన్నటి వానలప్పుడు ఒకరోజు అత్తమ్మను కండ్ల దవాఖానకు తీసుకుపోయాను. ఇల్లు, స్కూల్ హన్మకొండలో. దవాఖాన వరంగల్‌లో, అండర్ బ్రిడ్జి అవతల. ఆయన సామాన్లు తేవడానికి హైదరాబాద్ పోయాడు. పొద్దున పోయేటప్పుడు తుంపర. అత్తమ్మ కండ్లలో చుక్కలు వేసి కూర్చోబెట్టేసరికి కిటికీ బయట ఏమీ కనిపించనంత వాన. అంతలో స్కూల్ గ్రూపులో మెసేజ్. స్కూల్ పక్కన నాలా కాల్వ పొంగుతున్నది, పిల్లలను ఇప్పుడే వచ్చి తీసుకుపోండి.

బయట ఒక ఆటో దొరికింది. అత్తమ్మకు చుక్కల వల్ల అన్నీ మసక మసకగా ఉన్నాయి, నా భుజం పట్టుకుని ఎక్కింది. అండర్ బ్రిడ్జి దగ్గరికి వచ్చేసరికి ముందర బండ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. కింద నీళ్ళు నిండి, ఒక లారీ మధ్యలో నిలిచిపోయింది. స్కూల్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆయమ్మకు చేస్తే చాలాసేపటికి ఎత్తింది. వెనుక పిల్లల అరుపులు, నీళ్ళ చప్పుడు.

మా పాప అక్కడే ఉందా, కొంచెం చూసుకో అమ్మా, నేను దారిలో ఉన్నాను అన్నాను.

"పాప పోయింది గద మేడం."

ఎవరితోని?

"ఎవరో పెద్దాయన, గడ్డమాయన. మాట చెప్పిండంట మేడం. అందుకే పంపిన. నానమ్మతోనే పోని పిల్ల, తనంతల తను పోతా అన్నది, ఇగ నాకేం అనుమానం..."

అక్కడ కట్ అయింది. మళ్ళీ చేస్తే కలవలేదు. మళ్ళీ చేశాను. చేస్తూనే ఉన్నాను. మాట మాకు ముగ్గురికి తెలుసు. నాకు, పాపకు, మా ఆయనకు. ఆయన హైదరాబాద్‌లో ఉన్నాడు, ఆయనకు గడ్డం లేదు. నేను ఏమన్నానో నాకు గుర్తులేదు గానీ గట్టిగానే అని ఉంటాను, ఆటో ఆయన అద్దంలోంచి చూశాడు. నా ఈడువాడే ఉంటాడు. జుట్టుకు రాగిరంగు, ఒక చెవిలో ఇయర్‌ఫోను.

"ఏంగాదక్కా. బేఫికర్ ఉండు. అండర్ బ్రిడ్జి నిండితె స్టేషన్ ఘన్‌పూర్ మీదికెళ్ళి తిప్పన్నా తీస్కపోత."

నేను అతని సీటు మీదికి వంగాను.

"ఏమన్నవ్ తమ్మీ?"

"ఘన్‌పూర్ ఊకనే అన్ననక్కా, బ్యాంకు సందుల్నించి పోతా..."

అది కాదు, దానికి ముందు ఏమన్నవ్ అన్నాను. అతనికి అర్థం కాలేదు. బేఫికర్ అని ఎందుకన్నవ్, ఆ మాట నీకెవరు నేర్పారు అని అడిగాను. పిల్ల కనబడక ఈమెకు మతి పోయిందనుకొని ఉంటాడు. పాపం, మర్యాదగానే జవాబిచ్చాడు.

"గదేందక్కా, గది నేర్సుకునే మాటనా? అందరంటరు."

అత్తమ్మ నావైపు తిరిగింది. "పాపకు పెట్టిన మాట గదేనా?"

తల ఊపాను. ఆమెకు కనిపించదని ఆ తర్వాత గుర్తొచ్చింది. నోటితో చెప్పాల్సి వచ్చింది, "అవునత్తమ్మా," అని. ఆమె చేత్తో వెతుక్కుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి స్కూల్ దాకా వదల్లేదు.

అతను చెప్పినట్టే సందుల్లోంచి తిప్పి తెచ్చాడు. స్కూల్ సందులో మోకాళ్ళ దాకా నీళ్ళు. గేటు మెట్ల మీద ఆయమ్మ ఇద్దరు పిల్లలను చంకకెత్తుకుని ఉంది. నన్ను చూడగానే ఆమే మొదలుపెట్టింది. తీసుకుపోయినాయన రెండో తరగతి పిల్లగాని తాత అట, మసీదు వెనుక గల్లీలో పరుపుల దుకాణమట, ఇల్లు దుకాణం పైనేనట. ఫోన్లో అదంతా చెప్తూనే ఉందట, చార్జింగ్ అయిపోయిందట. ఆమెను కోప్పడటానికి నా దగ్గర ఒక్క మాట లేదు. వేరే ఏ పిల్లనైనా ఆమె ముసలాయనతో పంపేది కాదు. మా పాపను పంపింది, నేను పోయి అంత గట్టిగా చెప్పి వచ్చాను కాబట్టే పంపింది.

మసీదు వెనుక గల్లీ కొంచెం ఎత్తు మీద ఉంది, అక్కడ నీళ్ళు లేవు. అత్తమ్మ నా భుజం వదిలేసి, గోడ పట్టుకుని, కనబడని కండ్లతో నాకంటే ముందే మెట్లెక్కింది.

పాప మంచం మీద కూర్చుని కిచిడి తింటున్నది. ఒంటి మీద ఎవరిదో గౌను, భుజాలు జారిపోతున్నాయి. యూనిఫాం ఫ్యాన్ కింద తాడు మీద ఆరుతున్నది. నన్ను చూసి, నేను ఎందుకు అట్లా ఉన్నానో అర్థం కాక, "మాట చెప్పిండు అమ్మా," అన్నది. మెచ్చుకుంటానని చూస్తున్నది.

నేను మంచం పక్కన కింద కూర్చుని దాని పాదాలు పట్టుకున్నాను.

తెల్లగడ్డం పెద్దాయన తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ లోపలి నుంచి వచ్చాడు. వాళ్ళ కోడలు, నాకంటే కొంచెం పెద్దామె, మంచినీళ్ళు తెచ్చి, పాప డైరీలో నంబరు చూసి ఫోన్ చేస్తూనే ఉన్నానమ్మా, ఎప్పుడూ ఎంగేజే వస్తున్నదని చెప్పింది. అవును, నేను ఆయమ్మకు చేస్తూనే ఉన్నాను.

నేను ఆయన్ను ఒక్కటే అడిగాను. మా పాపతో ఏమన్నారు, అన్నది అన్నట్టే చెప్పండి అని.

"ఏమంటా బిడ్డా. మా పిల్లగాని కోసం పోతే ఈ బిడ్డ మూలకు ఒక్కతే నిలవడి ఏడుస్తాంది. ఏడ్వకు, మీ అమ్మ వస్తది, బేఫికర్ ఉండు అన్న. గంతే. టక్కున ఏడుపు బంద్ జేసి నా చెయ్యి వట్టుకున్నది. ఇడువమంటే ఇడువదు. నాకే పరేషానైంది. మా పోరలే నా చెయ్యి గట్ల వట్టుకోరు."

ఆయన చెయ్యి చాపి చూపించాడు కూడా, ఇట్లా పట్టుకున్నదని. దూది నలకలు అంటుకున్న చెయ్యి.

ఆయన పాపను తీసుకుపోవాలని ఆ మాట అనలేదు. ఏడుస్తున్న పిల్లను చూసి అన్నాడు, అంతే. పాపే ఆయన చెయ్యి పట్టుకుని బయలుదేరింది. నేను తాళం అనుకుని నా బిడ్డకు ఇచ్చింది, ఈ ఊళ్ళో ఏడ్చే పిల్లను చూస్తే ఎవరి నోటైనా వచ్చే మాట. దురుద్దేశం ఉన్నవాడు కూడా ఏడ్చే పిల్లతో ముందు అనేది అదే కదా, ఏం భయం లేదు, నేనున్నా అని. ఆ వానలో, ఆ మూలలో, ఈయన కంటే ముందు ఇంకెవరైనా వచ్చి ఉంటే? ఇప్పుడు కూడా ఈ వాక్యం ముందుకు రాయలేకపోతున్నాను.

సంగతంతా చెప్తే వాళ్ళ కోడలు ముందు పెద్దగా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయింది. తన కొడుకు వైపు చూసింది. పెద్దాయన నవ్వలేదు. గడ్డం సవరించుకుంటూ, ఆ మాట వాళ్ళ ఇంట్లో అందరిదీ అని, వాళ్ళ నాయన పరుపులు కుట్టేటప్పుడు గిరాకీ తొందర చేస్తే అదే అనేవాడని చెప్పాడు. మీ తాత ఏ ఊరని అడిగాడు. డోర్నకల్ అని చెప్తే, ఉంటది మరి అన్నట్టు తల ఊపాడు. నా తాత సొంత ఆస్తి అనుకున్న మాట, వేరే ఇంట్లో, వేరే తాత నోట్లో, వాళ్ళ నాయన నుంచి వచ్చిందిగా ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పాప నా ఒళ్ళో నిద్రపోయింది. అత్తమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండును. అండర్ బ్రిడ్జి లారీ గురించి ఆటో ఆయన ఏదో చెప్తుంటే మధ్యలో అన్నది.

"మా అవ్వ చేదు మందు తాపుకుంట గదే అంటుండె. ముక్కు మూసి, బేఫికర్ మింగు బిడ్డా అని. ఒక్క మాట నన్నడుగుతె అయిపోవు. గది అందరికి తెల్సిందేనే, వేరే పెట్టు అని చెప్పకపోదునా?"

అందులో దెప్పిపొడుపు లేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. ఆమెకు చెప్తే ఊరికి తెలుస్తుందని దాచాను. ఊరికి ముందే తెలుసని ఆమె ఒక్కతే నాకు చెప్పగలిగేది. "చెప్పాల్సింది అత్తమ్మా," అన్నాను. ఆమె కొంగుతో పాప కాళ్ళు కప్పింది.

ఆ రోజు నుంచి నాకు ఆ మాట అన్నిచోట్లా వినిపిస్తున్నది. పాలు పోసే ఆయన, రేపు రెండు ప్యాకెట్లు ఎక్కువ కావాలంటే, బేఫికర్ మేడం అన్నాడు. పక్క ఫ్లాట్‌లో ఇంజినీరింగ్ చదివే పిల్ల ఫోన్లో ఎవరికో, సప్లీ రాసుకుందాం బేఫికర్ అంటున్నది. గ్యాస్ బండ తెచ్చినతను మెట్ల మీద అన్నాడు. ఇన్నేళ్ళూ వీళ్ళందరూ అనలేదా? అని ఉంటారు. మా అత్తమ్మే అని ఉంటుంది, అదే ఇంట్లో. నేను చచ్చిపోయిందని తీర్మానించుకున్నాక నా చెవి దాన్ని వినడం మానేసింది. ఇట్లా ఇంకా ఏమేమి వినడం మానేసిందో అని ఇప్పుడు కొత్త భయం.

కేక ఎందుకు పోయింది, ఇది ఎందుకు ఉన్నది అని ఆలోచిస్తున్నాను. కేక, కత్తి, కిరాక్ మేము మా ఈడు వాళ్ళ దగ్గర నేర్చుకున్నాం. పెద్దవాళ్ళకు అర్థం కాకపోతేనే మాకు సంతోషం. మా చెల్లెళ్ళకు మేము పెద్దవాళ్ళం అయ్యాం, వాళ్ళు వేరేవి వెతుక్కున్నారు. బేఫికర్ అట్లా వచ్చే మాట కాదు. పిల్ల ఏడుస్తున్నప్పుడు, మందు మింగనంటున్నప్పుడు, పట్టాలు దాటుతున్నప్పుడు పక్కనున్న పెద్దవాళ్ళు అంటారు. ఆ పిల్ల పెద్దదై ఇంకో పిల్ల ఏడుస్తుంటే నోట్లోంచి అదే వస్తుంది. నేను నా కూతురికి రహస్యం వెతుకుతుంటే నాకు వచ్చింది కూడా అదే కదా. భయం వేసినప్పుడు గుర్తొచ్చే మాట అని ఏరి కోరి పెట్టాను. నాకొక్కదానికే గుర్తొస్తుందని ఎట్లా అనుకున్నానో.

ఇప్పుడు రహస్య మాటలు లేవు. కొత్త పద్ధతి అత్తమ్మ చెప్పింది. ఎవరేమన్నా సరే, ఆయమ్మ దగ్గరే ఉండాలి, ఆయమ్మ మాకు ఫోన్ చేయాలి, మేము ఫోన్లో పాపతో మాట్లాడాకే కదలాలి. ఆయన దుకాణం నుంచి రాగానే మళ్ళీ ప్రాక్టీసు మొదలుపెట్టాం. ఈసారి ఆయన హెల్మెట్టు తీసేసి వచ్చాడు. వేళాకోళం కూడా లేదు. ఆ రోజు హైదరాబాద్ నుంచి బస్సులో వస్తూ దారంతా ఫోన్లో పాప గొంతు వింటూనే వచ్చిన మనిషి ఆయన. గడప బయట నిలబడి, "బేఫికర్," అన్నాడు.

పాప రెండు చేతులూ అడ్డం పెట్టింది. "అది అందరికీ తెలుసు," అన్నది.

ఆయన నావైపు చూశాడు. సరిగ్గానే చెప్పింది. మేము నేర్పిందే చెప్పింది. నేను వంటింట్లోకి పోయి కుళాయి తిప్పాను. తాత నా చెయ్యి పట్టుకుని పట్టాల దగ్గర నిలబడి ఆ మాట అంటే, నేను కాలు తీయకుండా, అది అందరూ అంటారు తాతా అన్నట్టు అనిపించింది. అయినా పాపతో మళ్ళీ మళ్ళీ చెప్పించాను. ఆపలేదు.

నిన్న స్కూల్ వదిలేటప్పుడు గేటు దగ్గర పరుపుల దుకాణం పెద్దాయన కనిపించాడు, మనవణ్ణి తీసుకుపోవడానికి వచ్చాడు. వాన లేదు, ఎండ కాస్తున్నది. పాపను చూసి ఆయన మొహం విప్పారింది. చెయ్యి చాపాడు.

"ఏం బిడ్డా, బేఫికరేనా?"

పాప నా వెనక్కి పోయి చున్నీలో మొహం దాచుకుంది. ఆయన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. ఆ రోజు అంత గట్టిగా పట్టుకున్న పిల్ల. ఆయన మంచివాడని నాకు తెలుసు. పాపకు కూడా తెలుసు. కానీ ఎవరు మంచివాళ్ళో వాళ్ళ మాటను బట్టి చెప్పలేమని దానికి నేర్పిందే నేను. దాన్ని ముందుకు నెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. నెట్టకుండా ఉండటమూ చేతకాలేదు.

"బేఫికర్ తాతా," అన్నాను నేనే.

తాత పోయాక ఆ మాట ఇంకొకరికి జవాబుగా నా నోట్లోంచి రావడం అదే మొదలు. ఆయన నవ్వి, చాపిన చెయ్యి నా నెత్తి మీద పెట్టి, మనవడి బ్యాగు అందుకుని వెళ్ళిపోయాడు.

పాప చున్నీ వదిలి నా మొహంలోకి చూసింది. కొత్త పద్ధతి తప్పానని పట్టుకున్న టీచర్‌లా చూసింది.

"నువ్వు ఫోన్ చేయకుండానే చెప్పినవ్," అన్నది.